ఫిడేలు నాయుడుగారు

నల్లకుంటలో మా యింటి కెదురుగా నున్న మేడగదిలో ఒక విద్యార్థి నివసించుచున్నాడు. పగలెల్ల ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువు, సాయంకాలము తార్నాకలో ఒక పిల్లవానికి ట్యూషను, రాత్రి భోజనానంతరము సంగీతము: ఇది ఆతని దినచర్య. ఆతని వాద్యము ఫిడేలు కాదు, నేటి ఎలెక్ట్రానిక్ కీబోర్డు. అందొక మీట నొక్కినచో పియానో పలుకును, మఱియొకటి నొక్కినచో వేణువు, వేఱొకటి నొక్కినచో ఫిడేలు. ఒకనాటి రాత్రి ఆతడు ఫిడేలు ధ్వనితో మాయామాళవగౌళలో సరళీస్వరములు వాయించుచుండగా వింటిని. స్వరము తప్పలేదు, తాళము తప్పలేదు. అయినను వినినకొలది మనసున కేదో వెలితి తోచెను. షడ్జము వణకుచుండెను. పంచమమును వణకుచుండెను. నిలువవలసిన స్వరములును, కదలవలసిన స్వరములును ఒకే తీరున, ఒకే వేగమున, చలిజ్వరము సోకినట్లు వణకుచుండెను.

మఱునాటి ఉదయము ఆతడు ఏదో పుస్తకమునకై మా యింటికి వచ్చెను. షడ్జమేల వణకుచున్నదని అడిగితిని. ఆతడు నవ్వి, అది తన చేతిలో లేదనియు, ఎవరో ఒక విద్వాంసుడు ఎచ్చటనో వాయించిన స్వరములను ఒక్కొక్కటిగా ధ్వనిముద్రణము చేసి ఆ పెట్టెలో నుంచిరనియు, వాయించినవాని వ్రేలి కదలిక కూడ ఆ ముద్రణములో చేరిపోయినదనియు చెప్పెను. ఆ మాట నన్ను చాలసేపు విడువలేదు. వ్రేలి కదలిక తన చేతిలో లేనివాడు ఫిడేలు వాయించుచున్నాడనుట ఎట్లు? వెంటనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు స్మృతికి వచ్చిరి. ఏ స్వరమును కదల్పవలెనో, ఏ స్వరమును నిలుపవలెనో తన వ్రేలికొనయందే తేల్చుకొన్న మహనీయుడాయన. ఆంధ్రదేశమెల్ల ఆయనను ఫిడేలు నాయుడుగారని ముద్దుగా పిలుచుకొన్నది. ఆయన జీవితమును నేటి ఉపాధ్యాయులును విద్యార్థులును మఱియొకసారి తలచుకొనుట మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మసక చూపు, మెలకువగల చెవి

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యములో ఉద్యోగము చేసినవారు. బాలుని చిన్నతనము విశాఖపట్టణమున గడచెను. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బాలునకు కంటివెలుగు మాత్రము చాలినంత లభింపలేదు. చూపు మందగించుటచే బడి చదువు నడుమనే నిలిచిపోయెను.

ఆ కాలమున బడి మానిన పిల్లవాని గతి యేమి? నల్లబల్లపై అక్షరము కానరానివానికి పాఠమెట్లు చెప్పవలెనో ఆనాటి పాఠశాలలకు తెలియదు. అట్టి బాలుడు ఇంటిలో ఒక మూల కూర్చుండి యుండిపోవుటయే సామాన్యముగా జరిగెడిది. నాయుడుగారి అదృష్టమో, తెలుగువారి అదృష్టమో గాని, ఆయన అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు తెలిసినవారు. తమ్ముని చేత కమాను పెట్టి ఆయనయే తొలి గురువైరి. పుస్తకము చదువలేని బాలునకు ఫిడేలు తగిన చదువైనది. ఏలయన, ఫిడేలుపై వీణపై వలె మెట్లులేవు. ఇచ్చట రిషభము, ఇచ్చట గాంధారము అని కంటికి చూపు గుఱుతు ఒక్కటియు లేదు. స్వరస్థానమును చెవి వెదకవలెను, వ్రేలు పట్టుకొనవలెను. కన్నున్నవారికిని ఆ పలకపై కన్నుతో పనిలేదు.

ఈ విషయమున నొకమాట ఉపాధ్యాయమిత్రులకు మనవి చేయవలెను. మన తరగతిలో వెనుకబడిన బాలుడు నిజముగా వెనుకబడినవాడా, లేక మనము చూపుచున్న త్రోవ ఆతని త్రోవ కాదా అని ఒక్క క్షణము ఆలోచించుట మన ధర్మము. వెంకటకృష్ణయ్యగారు ఆ ఆలోచన చేయకపోయినచో మనకు వెంకటస్వామి నాయుడుగారు లేరు.

పరదేశపు పెట్టె, మన పాట

ఫిడేలు ఐరోపా వాద్యము. దానిని దక్షిణాది సంగీతమునకు తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యుడు. మద్రాసునకు సమీపమున మణలిలో నున్న కాలమున ఆయన ఆ వాద్యమును పాశ్చాత్య పద్ధతిలో నేర్చి, పిదప మన పాటకు పొందించెను. తంజావూరు సోదరులలో వడివేలు కూడ ఈ కృషిలో భాగస్వామి. మనవారు వాద్యమును మార్చలేదు, పట్టుకొను తీరును మార్చిరి. పాశ్చాత్యుడు నిలుచుండి భుజముపై నానించుకొనును. మన విద్వాంసుడు నేలపై కూర్చుండి, ఫిడేలు తలను కుడికాలి మడమకు సమీపమున నిలిపి, మఱియొక కొనను ఎదకానించుకొనును. తంత్రులను షడ్జపంచమములకు, మరల షడ్జపంచమములకు శ్రుతి చేయును. ఈ మార్పు చిన్నది కాదు. వాద్యము రెండువైపుల ఆనియుండుటచే ఎడమచేతికి వాద్యము మోయు బరువు తొలగిపోయినది. ఇక ఆ చేయి తంత్రిపై క్రిందికి మీదికి నిశ్చింతగా జాఱగలదు. గమకమునకు కావలసినది ఆ స్వేచ్ఛయే.

గమకమనగా నేమి? పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవరాజైన సింఘణుని ఆశ్రయమున నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున, వినువారి మనసునకు సుఖము కలుగునట్లు స్వరమును కదల్చుటయే గమకమని నిర్ణయించి, పదునైదు విధములను చెప్పెను. వానిలో కొన్నిటికి కదలిక వేగమును కూడ కాలప్రమాణముతో కొలిచెను. తిరిపము ద్రుతములో నాల్గవ వంతు, స్ఫురితము మూడవ వంతు, కంపితము సగము, లీనము నిండు ద్రుతము, ఆందోళితము లఘువు, ప్లావితము ప్లుతము. స్వరపు కదలికకు వేగమొక లక్షణమని అప్పుడే గుర్తించిన శాస్త్రమిది. 1904లో ఎట్టయపురమున వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులవారు ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క గుఱుతు నేర్పఱచి, కీర్తనలను ఆ గుఱుతులతో వ్రాసిరి. ఆ మహాగ్రంథము తెలుగు లిపిలో అచ్చైనది. సుబ్బరామ దీక్షితులు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు. ఫిడేలును మన గాత్రమునకు చేర్చిన ఇంటివారే గమకమును కాగితముపైకి చేర్చిరన్నమాట.

పాశ్చాత్యుల ఫిడేలుపైనను స్వరము కదలును. దానిని వారు వైబ్రేటో అందురు. నిలిచిన స్వరముపై వ్రేలిని ముందునకు వెనుకకు ఊపుటచే తంత్రి పొడవు ఇంచుక తగ్గుచు పెరుగుచు నుండును. స్థాయియు అట్లే పెరుగుచు తగ్గుచు నుండును. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కార్ల్ సీషోర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1930 దశకమున దీనిని కొలిచి చూచెను. ఆ ఊపు సెకనుకు సుమారు 6, 7 పర్యాయములు. గాయకుల కంఠములో దాని వెడల్పు ఇంచుమించు అర్ధస్వరము. ఫిడేలుపై అందులో సగము. ఇది స్వరమునకు చేయు అలంకారము. మన కంపితము అట్టిది కాదు. తోడి రాగమున గాంధారము ఒకచోట నిలిచి వణకదు. రిషభము వైపునకు దిగుచు, మధ్యమము వైపునకు ఎక్కుచు ఊగును. ఆ ఊపు లేనిచో అది తోడి గాంధారమే కాదు. వైబ్రేటో స్వరమునకు తొడిగిన నగ. కంపితము రాగమునకు ప్రాణము. షడ్జపంచమములు మాత్రము అచలములు. వానికి నిలుకడయే అందము.

విజయనగరమున

విజయనగర ప్రభువు విజయరామ గజపతిగారు 1919లో సంగీత కళాశాలను స్థాపించిరి. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడగుటచే, అట్టివారికి సంగీతము జీవనాధారము కాగలదను తలంపుతో ఈ విద్యాలయము వెలసినదని చెప్పుదురు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రధానాచార్యులు. ఇరువదియాఱేండ్ల నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరవలెనని వెళ్లిరట. వాదనము విన్న పిమ్మట వారిని విద్యార్థిగా చేర్చుకొనక ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి. బడి విడువవలసివచ్చిన బాలుడు కళాశాలలో ఆచార్యుడగుట విధి విలాసము కాదు, పదునైదేండ్లకు పైబడిన సాధనకు ఫలము.

నారాయణదాసుగారు 1936లో విరమించిన పిదప ఆ పీఠము నాయుడుగారిదైనది. దాసుగారు సింహమువంటి వ్యక్తి. మాటయు, పాటయు, ఆటయు ఒక్కటై గజ్జెకట్టి సభను గెలిచినవారు. నాయుడుగారు మితభాషి, ఆయన చెప్పదలచినది కమాను చెప్పెడిది. ఇట్లు ఒకరికొకరు భిన్నులైన ఇరువురు వరుసగా ఏలిన విద్యాలయమునకు తెలుగుసంగీతము ఎంతయో ఋణపడియున్నది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాలలో చదివినవారే. సుశీలగారును అచ్చటి విద్యార్థినియే. ద్వారంవారి కుటుంబమునను ఆ విద్య నిలిచెను. కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు, బంధువర్గమున నరసింగరావునాయుడుగారు ఆ త్రోవను నడచి పేరు గాంచిరి.

ఒంటరి వాద్యము

నాయుడుగారి కాలమునకు ఫిడేలు పక్కవాద్యము. గాయకుడు పాడినదానిని నీడవలె వెంబడించుటయే దాని పని. నీడకు తనదైన రూపముండునని సభికులు తలంచెడివారు కారు. నాయుడుగారును ఎన్నియో యేండ్లు మహావిద్వాంసులకు పక్కవాద్యము వాయించిరి. 1938లో వేలూరున ఆయన ఫిడేలుపై కచేరి చేసిరి. గాత్రము లేదు. మాటలు లేవు. పాట యంతయు నాలుగు తంత్రుల నుండియే రావలెను. కంఠము తోడున్నపుడు ఫిడేలు చేయు తప్పు కంఠమున కలిసిపోవచ్చును. ఒంటరిగా కూర్చున్నపుడు ప్రతి స్వరమును సభ యెదుట నిలుచుండి సాక్ష్యము చెప్పవలెను. అట్టి పరీక్షకు ఒప్పుకొనుటలోనే ఆయన ధైర్యము తెలియుచున్నది. ఫిడేలు ప్రధానవాద్యము కాగలదని లోకమునకు తెలిపిన మొదటివారిలో ఆయన ఒకరు.

ఆయన వాదనమున విమర్శకులు ముఖ్యముగా మెచ్చినది నాదశుద్ధి. కమాను కొనమొదలు వఱకు, మొదలు కొన వఱకు నిదానముగా సాగును. ఆ నిడివిలో నాదము ఎచ్చటను తెగదు, గీరదు. పాశ్చాత్యుల వాదనలోని కమాను నడకను శ్రద్ధతో గమనించి, అందులోని మేలును స్వీకరించి, రాగమును మాత్రము మన సంప్రదాయము దాటనీయలేదు. కమాను వారి దగ్గఱ నేర్చినది, గమకము మన యింటిది. ఈ రెంటిని కలుపుటలో తారుమారు చేసినవారు పలువురు. మన రాగమునకు పాశ్చాత్యుల వణుకును పూసినచో తీపి వచ్చును గాని రాగము పోవును. కమాను సాగక గమకములే గుప్పించినచో రాగముండును గాని వినబుద్ధి పుట్టదు. నాయుడుగారి గ్రామఫోను రికార్డులు వినినవారికి ఈ తూకము తెలియును. స్వరము మొదట నిర్మలముగా పుట్టును. పిదప అవసరమైనచో కదలును. అవసరము లేనిచో నిలిచియుండును. చెవికి మొదట తాకునది ఆ నిలుకడయే.

గౌరవములు, అస్తమయము

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుదము నిచ్చెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించెను. 1952లో విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చినపుడు, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాదనము విని ముగ్ధుడయ్యెను. బాల్యమునుండి తన చేతిలో నున్న వాద్యమే ఒక అపరిచిత భాషను అంత స్వచ్ఛముగా మాటలాడుట ఆయనకు వింతయు విందును అయియుండును. ఆ యేటనే నాయుడుగారు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మందిరమున అంధుల సహాయనిధికై కచేరి చేసిరి. చూపు లేమి ఎట్టిదో ఎఱిగినవాడు చూపులేనివారికై కమాను పట్టుట కంటె తగిన దానమేమున్నది?

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు స్వర్గస్థులైరి. 1993లో శతజయంతి సందర్భమున తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్ల వెలువరించినది. నల్లకద్దాలతో కూర్చుండిన ఆ మూర్తి తెలుగువారి కనులయందు నేటికిని మెదలుచున్నది.

మరల మేడగదికి

ఇక మన విద్యార్థి సంగతి. అనంతరదినములలో ఆతనితో కూర్చుండి ఆ వాద్యము మర్మమును కొంత తెలిసికొంటిని. వాద్యపు ధ్వనిని ముందే ముద్రించి మీటలకు కట్టు పద్ధతి కొత్తది కాదు. 1963లో ఇంగ్లండులో వెలువడిన మెలోట్రాన్ అను వాద్యమున టేపులపై ఫిడేళ్ల ధ్వనిని నింపి మీటలతో పలికించిరి. నేటి పెట్టెలలో టేపునకు బదులు అంకెలు. ఇందొక చిక్కు కలదు. సెకనుకు 6 ఊపులు గల స్వరమును ముద్రించి, దానినే వేగముగా త్రిప్పి ఒక స్థాయి పైన వాయించినచో ఊపులు 12 అగును. ఒక స్థాయి క్రింద వాయించినచో 3 అగును. అందుచే పైస్వరములు గజగజలాడును, క్రిందిస్వరములు తూలిపోవును. మేలైన వాద్యములలో ఈ దోషము రాకుండుటకు కొన్ని కొన్ని స్వరములకు వేఱువేఱుగ ముద్రణము చేయుదురు. వణుకు లేని నాదమును వేఱుగా, వణుకు గల నాదమును వేఱుగా ముద్రించి, ఒకదానినుండి వేఱొకదానికి మెల్లగా జరుపు ఏర్పాటు చేయుదురు.

వణుకు లేని నాదము దొరకినచో తక్కినది మన చేతిలోనిదే. 1983లో వెలువడిన మిడి అను ఒడంబడికను అనుసరించు వాద్యములకు ఎడమవైపున సామాన్యముగా రెండు చక్రములుండును. మాడ్యులేషన్ చక్రము వైబ్రేటోను ఎక్కువ తక్కువ చేయును. పెక్కు వాద్యములలో దాని వేగమును, లోతును, మీట నొక్కిన ఎంతసేపటికి అది మొదలుకావలెనను ఆలస్యమును వేఱువేఱుగా నిర్ణయింపవచ్చును. పిచ్ బెండ్ చక్రము స్వరమునే పైకి క్రిందికి వంచును. విడిచినచో తనంత తాను నడుమకు వచ్చును. సాధారణముగా దాని పరిధి ఇటు రెండు, అటు రెండు అర్ధస్వరములు. లెక్క చూచినచో వింతగా నున్నది. తోడి గాంధారమునుండి రెండు అర్ధస్వరములు దిగిన శుద్ధరిషభము, రెండు ఎక్కిన శుద్ధమధ్యమము. ఆ చక్రపు మేర తోడి గాంధారపు ఊయలకు సరిగా సరిపోవుచున్నది. కుడిచేయి మీటను నొక్కును, ఎడమచేయి గమకమును పలికించును. ఫిడేలుపైనను గమకము ఎడమచేతి పనియే గదా!

అట్లని చక్రము వ్రేలికి సాటియని చెప్పరాదు. వ్రేలు కదలినపుడు స్థాయి యొక్కటియే మారదు. ఫిడేలు చెక్కపెట్టె ఒక్కొక్క స్థాయికి ఒక్కొక్క తీరున మ్రోగుటచే నాదపు రంగు కూడ క్షణక్షణము మారుచుండును. యంత్రము ఒక్క స్థాయిని మాత్రము లెక్కప్రకారము ఊపినచో చెవి వెంటనే కనిపెట్టును. అయినను ఎక్కడ కదల్పవలెను, ఎక్కడ ఆపవలెను అను వివేకము మాత్రము రెండు వాద్యములకును ఒక్కటే. అది పెట్టెలో దొరకదు.

ఆ విద్యార్థి నేను చెప్పకుండగనే వేఱొక ఫిడేలు ధ్వనిని వెదకి తీసికొని, వైబ్రేటో లోతును సున్నకు తగ్గించెను. మొదట ఆతనికది నచ్చలేదు. నాదము బోసిగా నున్నదని విచారించెను. ఇంతకాలము తన తప్పులను ఆ వణుకు కప్పియుంచినదని రెండుమూడు రోజులకు ఆతనికే తెలిసినది. మీటను ఎంత బరువుతో నొక్కవలెనో, ఎప్పుడు విడువవలెనో ఆతడు మరల మొదటినుండి నేర్చుకొనుచున్నాడు. నాయుడుగారి పాత రికార్డు నొకదానిని వినిపించితిని. ఆతడు మౌనముగా విని, షడ్జము వచ్చినపుడెల్ల తల యెత్తి చూచుచుండెను.

నిన్న రాత్రి మేడగది కిటికీ నుండి మరల సరళీస్వరములు వినవచ్చినవి. గమకములింకను కుదురలేదు. చక్రము కొంత ముందుగనో, కొంత వెనుకగనో తిరుగుచున్నది. షడ్జము మాత్రము కదలలేదు. విద్య ఏదైనను, పనిముట్టు ఏదైనను, మొదట నేర్వవలసినది నిలుచుటయే. నిలుచుట నేర్చినవాని కదలికకే అర్థముండును. నాయుడుగారు జీవితమెల్ల కమానుతో చెప్పిన పాఠమిది. మన తరగతి గదులలోనికి దానిని తీసికొనిపోవుట మన వంతు.